లిథువేనియా వాన మాటలు

బాలబాలికలారా! పరభాష నేర్చుకొనువాడు ఏ మాటతో ప్రారంభింపవలెను? అంకెలతో ప్రారంభింపవలెనని కొందరును, అన్నపానీయముల పేళ్లతో ప్రారంభింపవలెనని కొందరును చెప్పుదురు. నన్నడిగినచో వానతో ప్రారంభింపుడని చెప్పుదును. వాన అందరికిని సమానము. దానిని గూర్చి మాటాడుటకు ముందు పరిచయము అక్కరలేదు. ఒకే చూరు క్రింద తల దాచుకొన్న ఇద్దరు అపరిచితులు మొదట పలుకు మాట వానను గూర్చియే కదా! చిరకాలము బడిలో తెలుగు చెప్పిన నాకు ఈ సంగతిని చక్కగా బోధపరచినవాడు నా శిష్యుడే.

ఆ బాలుడు కొన్ని సంవత్సరముల క్రిందట వైద్యవిద్య నభ్యసించుటకై లిథువేనియా దేశములోని కౌనస్ నగరమునకు పోయెను. అచ్చట పరదేశ విద్యార్థులకు పాఠములు ఆంగ్లమున చెప్పుదురు. కాని రోగుల మంచముల కడకు పోయి వారి బాధ తెలిసికొనుటకు ఆ దేశభాష రావలెను. సెప్టెంబరులో వెళ్లినవాడు, అక్టోబరు నడుమ నాకొక ఉత్తరము వ్రాసెను. "మాస్టరుగారూ, ఇచ్చట పది దినములుగా సూర్యుడు కనబడలేదు. గదిలో పుస్తకము, వెలుపల ముసురు. నన్ను పేరు పెట్టి పిలుచువారు లేరు. తిరిగి వచ్చివేయుదునా అనిపించుచున్నది" అని అందులో నుండెను. నేను ధైర్యము చెప్పుచు బదులు వ్రాసితిని. నా జాబు చేరక ముందే అతని రెండవ ఉత్తరము వచ్చినది. దానిలోని కథ ఇది.

ఒకనాటి సాయంకాలము అతడు గొడుగు లేక బస్సు కొఱకు వేచియుండెను. ప్రక్కన ఒక వృద్ధురాలు నిలిచియుండెను. ఆమె ఆకాశము వంక చూచి, "లీయ" అని ఒక్క మాట పలికెను. ఆ మాటను అతడు ఆ వారమే తరగతిలో నేర్చుకొని యుండెను. వెంటనే "తైప్, లీయ" అనెను. అనగా "అవును, వాన కురియుచున్నది" అని అర్థము. ఆ వృద్ధురాలు ఆశ్చర్యముతో అతని వైపు తిరిగి చిరునవ్వు నవ్వెను. తరువాత ఆమె గబగబ చెప్పిన మాటలలో అతనికి ఒక్కటియు తెలియలేదు. ఆమె అది గ్రహించి, తన చేతిలోని గొడుగును చూపి, "స్కేతిస్" అని మెల్లగా పలికెను. అతడు "స్కేతిస్" అని వల్లించెను. బస్సు వచ్చినప్పుడు ఆమె ఆ గొడుగును అతని తలపై పట్టి, వాకిలి దాక నడిపించెను. "మాస్టరుగారూ, నేను ఇప్పుడు రాను. ఇచ్చట నాతో మాటాడినవారు ఉన్నారు" అని ఆ ఉత్తరము ముగిసెను.

ఒక్క మాట ఇంత పని చేసినది. ఆ మాటను, దాని బంధువులను మనమును ఇప్పుడు పరిచయము చేసికొందము.

లిథువేనియా ఐరోపా ఖండమున బాల్టిక్ సముద్రపు తూర్పు తీరమున నున్న చిన్న దేశము. దాని వైశాల్యము సుమారు 65,300 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ రాష్ట్రములో సగముకంటె కొంచెము ఎక్కువ. జనసంఖ్య ముప్పది లక్షలకు లోపు. రాజధాని విల్నియస్. కౌనస్ రెండవ పెద్ద నగరము. నెమునస్, నెరిస్ అను రెండు నదుల సంగమమున అది వెలసినది. ఆ దేశీయులు తమ దేశమును "లియెతువ" అని పిలుచుకొందురు. వాన అను నామవాచకము వారి భాషలో "లియెతుస్". ఈ రెంటి పోలికను జూచి, "మాది వానల దేశము, కనుకనే ఈ పేరు వచ్చినది" అని అచ్చటి సామాన్యులు అనుకొనుట కలదు. పండితులలో పెక్కుమంది మాత్రము కెర్నవే అను ప్రాచీన నగరమునకు సమీపమున ప్రవహించు ఒక చిన్న ఏటి పేరునుండి దేశనామము పుట్టినదని చెప్పుదురు. ఆ ఏటి పేరునకును, వాన పేరునకును "పోయుట" అను అర్థము గల ధాతువే మూలమని వారి అభిప్రాయము. కావున సామాన్యుల మాట సరికాకపోయినను, నీటి సంబంధము మాత్రము అందులో లేకపోలేదు. లిథువేనియా పేరు మొట్టమొదట 1009 వ సంవత్సరపు వృత్తాంతమున ఒక జర్మను మఠపు గ్రంథమునందు కనబడినది.

వానల దేశమనగానే అచ్చట మనకంటె ఎక్కువ వాన కురియునని తలపకుడు. లిథువేనియాలో సంవత్సరమునకు సగటున కురియునది సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. మన హైదరాబాదులో కురియు వాన అంతకంటె కొంచెము ఎక్కువ. విశాఖపట్టణమున మఱింత ఎక్కువ. భేదము కొలతలో లేదు, పంపకములో నున్నది. మనకు నైరృతి ఋతుపవనము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నాలుగు నెలలలో సంవత్సరపు వానలో అధికభాగమును తెచ్చి కుమ్మరించి పోవును. లిథువేనియాకు ఋతుపవనము లేదు. పడమటనున్న అట్లాంటిక్ మహాసముద్రమునుండి చెమ్మగాలులు ఏడాది పొడవునను వచ్చుచునే యుండును. కొలతకు జూలై, ఆగస్టు నెలలలో వాన హెచ్చు. కాని శరదృతువు వచ్చినది మొదలు ఆకాశము మబ్బు పట్టి, సన్నని జల్లు దినముల తరబడి విడువదు. డిసెంబరులో పగటి కాలము ఏడు గంటలకంటె ఎంతో హెచ్చుగా నుండదు. మనము వాన కొఱకు ఎదురు చూచువారము. వారు ఎండ కొఱకు ఎదురు చూచువారు. ఈ సంగతి మనసున నుంచుకొన్నచో వారి వాన మాటలు సులభముగా తెలియును.

ఇక "లీయ" అను మాటను పరిశీలింతము. తెలుగున "వాన కురియుచున్నది" అనునప్పుడు వాన కర్త, కురియుచున్నది క్రియ. ఆంగ్లమున "ఇట్ ఈజ్ రెయినింగ్" అందురు. అందులోని "ఇట్" అను సర్వనామము ఏ వస్తువును సూచింపదు. కర్త స్థానము ఖాళీగా నుండరాదని చేర్చినది మాత్రమే. లిథువేనియా భాషకు ఆ చిక్కు లేదు. "లీయ" అను ఒక్క క్రియయే సంపూర్ణ వాక్యము. కర్త లేదు, సర్వనామము లేదు. క్రొత్తగా నేర్చుకొనువాడు మొదటి దినముననే తప్పులేని వాక్యమును పలుకగలుగుట ఎంత యదృష్టము!

ఈ క్రియకు మూలరూపము "లీతి". దాని మూడు కాలములను కంఠస్థము చేయుడు.

ష్యన్దియెన్ లీయ — ఈనాడు వాన కురియుచున్నది.
వాకర్ లియో — నిన్న వాన కురిసినది.
రీతోయ్ లిస్ — రేపు వాన కురియును.

వర్తమానమున "లీ" దీర్ఘము. భూతమునను, భవిష్యత్తునను "లి" హ్రస్వము. ఈ భేదమును పాటింపనిచో కాలమే మారిపోవును. హ్రస్వ దీర్ఘముల భేదమును పసినాటినుండి ఓనమాలతో దిద్దిన మనకు ఇది కష్టము కాదు. తెలుగు బాలునికి ఇదియొక సహజమైన సౌకర్యము. మన లిపిలో సరియైన అక్షరము లేని ధ్వని ఒకటి మాత్రము కలదు. మెఱుపును వారు "జైబస్" అందురు. అందులోని మొదటి ధ్వని మన జకారము కాదు. "ష" అని పలుకుచు, దానికి కంఠనాదమును చేర్చినచో ఆ ధ్వని వచ్చును. రెండు మూడు మారులు ప్రయత్నించినచో నాలుకకు పట్టువడును.

ప్రశ్నించుటయు సులభమే. వాక్యమునకు ముందు "అర్" అను చిన్న మాటను చేర్చినచో ప్రశ్న యగును. "అర్ లీయ?" అనగా "వాన కురియుచున్నదా?" మనము "ఆ" అను ప్రశ్నార్థకమును కడపట చేర్చుదుము, వారు మొదట చేర్చుదురు. లేదనుటకు క్రియకు ముందు "నె" అను దానిని అతికింతురు. "నెలీయ" అనగా "వాన కురియుట లేదు." అవును అనుటకు "తైప్", కాదు అనుటకు "నె" అని చెప్పుదురు.

వానలన్నియు ఒక్క తీరుగా నుండవు. మన భాషలో తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, గాలివాన అని ఎన్ని పేళ్లు! వారికిని అట్లే కలవు. మంచువలె సన్నగా రాలు తుంపరను "దుల్క్స్న" అందురు. "దుల్కేస్" అనగా ధూళి. ధూళి రేగినట్లు నీరు గాలిలో తేలుచుండునని ఆ పేరులోని భావము. దాని క్రియ "దుల్క్స్నోయ". తుంపర పడుచున్నదని అర్థము. చలితోడను మబ్బుతోడను కూడి విడువక పట్టు ముసురునకు "దర్గన" అని పేరు. నా శిష్యుడు మొదటి ఉత్తరమున వర్ణించినది ఈ దర్గననే. పెద్దవాన "ల్యూతిస్". ఉరుములు మెఱుపులతో గూడిన వాన "పెర్కూనియ". ఈ మాట పెర్కూనస్ అను దేవుని పేరునుండి వచ్చినది. ఐరోపాలో అందరికంటె కడపట, 1387 లో, క్రైస్తవమును స్వీకరించిన ఆ దేశీయులు అంతకు పూర్వము పెర్కూనసును ఉరుములకు అధిదేవతగా కొలుచుచుండిరి. సిందూరజాతి మహావృక్షమైన ఓకు చెట్టు అతనికి పవిత్రము. మన వేదములలోని వర్షదేవతయైన పర్జన్యునితో పెర్కూనసును పోల్చిన పండితులు కొందరు కలరు. అది సరికాదను పండితులును కలరు.

కుండతో పోసినట్లు వాన కురియునప్పుడు మనము "కుండపోత" అందుము. ఆ దేశీయులు "పిల కైప్ ఇష్ కిబిరో" అందురు. "పిల" అనగా పోయుచున్నది. "కైప్" అనగా వలె. "ఇష్ కిబిరో" అనగా బొక్కెననుండి. మనకు కుండ, వారికి బొక్కెన! నీరు తోడుకొను పాత్ర వేఱు గాని, చూపు ఒక్కటే. ఇట్టిదే మఱియొక పోలికయు కలదు. ఏవైన ఒక్కుమ్మడిగ పుట్టుకొని వచ్చినప్పుడు మనము "పుట్టగొడుగులవలె" అందుము. వారును "కైప్ గ్రీబై పో లియెతౌస్" అందురు. "వాన వెలిసిన పిమ్మట పుట్టగొడుగులవలె" అని దాని అర్థము. ఆ దేశపు అడవులలో వేసవి చివరను, శరత్తునను కుటుంబములు బుట్టలు చేతబట్టి పుట్టగొడుగులు ఏరబోవుట గొప్ప వేడుక. కావున వారికి ఇది పుస్తకమున చదివిన పోలిక కాదు. వంటయింటిలోనికి వచ్చిన పోలిక.

అన్ని మాటలకును ఇట్లు జతలు దొరకునని తలపరాదు. మన "తొలకరి"కి లిథువేనియా భాషలో సరియైన మాట దొరకదు. నెలల తరబడి యెండిన నేల మొదటి వానకు పరిమళించుటయు, రైతు నాగలి సవరించుకొనుటయు ఆ మాటలో నున్నవి. ఋతుపవనము లేని చోట తొలకరి యెక్కడిది? అట్లే వారి "ష్లప్‌ద్రిబ"కు మన భాషలో మాట లేదు. సగము వానగను, సగము మంచుగను తడితడిగా రాలునది ష్లప్‌ద్రిబ. నేలను తాకగానే గడ్డకట్టి చెట్లకును త్రోవలకును గాజుపూత పూయు వాన "లియుంద్ర". మన నేలపై అట్టివి కురియవు కనుక మనకు పేళ్లు లేవు. ఇందు వలన తెలియునదేమి? పరభాష నేర్చుట యనగా మన మాటలకు బదులు మాటలు పెట్టుట మాత్రమే కాదు. ఆ నేల మీది వానను ఆ జనుల కన్నులతో చూచుట. ఇది లేనిచో పదములు వచ్చును గాని భాష రాదు.

ఇక నామవాచకమును చూతము. సంస్కృతమున గురుః, భానుః, సూనుః వంటి ఉకారాంత శబ్దములను మీరు వినియుందురు. "సూనుః" అనగా కుమారుడు. లిథువేనియా భాషలోను కుమారుడు "సూనుస్". వాన యైన "లియెతుస్" కూడ ఆ త్రోవనే నడచు శబ్దము. సంస్కృతమున ద్వితీయ "సూనుమ్", షష్ఠి "సూనోః". లిథువేనియాలో ద్వితీయ "సూనూ", షష్ఠి "సూనౌస్". అట్లే "లియెతూ" అనగా వానను, "లియెతౌస్" అనగా వానయొక్క. ద్వితీయలోని పూర్వపు అనునాసికము నేడు ఉచ్చారణలో దీర్ఘముగా మారినది. అక్షరము క్రింద నొక చిన్న కొక్కెమును మాత్రము గుర్తుగా నేటికిని వ్రాయుదురు. సంబోధనతో కలిపి ఆ భాషకు ఏడు విభక్తులు. విభక్తులు మనకు క్రొత్త కావు గదా!

మఱికొన్ని మాటలు వినుడు. గాలి "వేయస్"; మన "వాయువు"నకు జ్ఞాతి. మంచుబిందువు "రస", సంస్కృతమున ద్రవమను అర్థము గల "రస" శబ్దమునకు తోబుట్టువు. పగలు "దియెన", దినము. పొగ "దూమస్"; ధూమము. మేఘము "దెబెసిస్". ఇది వినుటకు దూరముగా దోచినను, సంస్కృతపు "నభస్" అను మాటకు సోదరియే. మొదటి నకారము ఆ భాషలో దకారముగా మారినది. ఇట్టి ప్రాచీన రూపములను నిలుపుకొన్నది గనుకనే ఆ భాషపై పండితులకు ఆదరము హెచ్చు. ఆగస్ట్ ష్లైహర్ అను జర్మను పండితుడు 1852 లో ఆ భాష మాటాడు పల్లెలకు పోయి, రైతుల నోట దానిని విని, 1856 లో దాని వ్యాకరణమును ప్రకటించెను.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలెను. మొదటిది: లిథువేనియా భాష సంస్కృతమునుండి పుట్టినది కాదు. ఆ రెండును అతి ప్రాచీనమైన యొకే భాషాకుటుంబపు శాఖలు. మన తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందినది. వాయువు, దినము మున్నగునవి సంస్కృతమునుండి మనకు వచ్చిన తత్సమములు. రెండవది: పోలిక గల మాటలన్నియు బంధువులు కావు. లిథువేనియాలో "బల" అను మాట కలదు. అది బలము కాదు. వాన వెలిసిన పిదప త్రోవలో నిలుచు నీటిగుంట! బలమని తలచి కాలు మోపినవాని చెప్పులు తడియుట నిశ్చయము.

గొడుగును గూర్చి మూడు సంగతులు తెలిసికొన్నచో ఆ భాషయొక్క నడక బోధపడును. గొడుగు "స్కేతిస్". "తుర్యు స్కేతీ" అనగా నా కడ గొడుగు కలదు. "గొడుగును కలిగియున్నాను" అని పదార్థము. లేదనునప్పుడు మాత్రము ద్వితీయ చెల్లదు, షష్ఠి రావలెను. "నెతుర్యు స్కేచ్యో" అనగా నా కడ గొడుగు లేదు. ఉన్న వస్తువునకు ఒక విభక్తి, లేని వస్తువునకు వేఱొక విభక్తి! ఇది మొదటి సంగతి.

రెండవది: "పసిఇమ్క్ స్కేతీ" అనగా "గొడుగు తీసికొనుము." ఆ క్రియను విడదీసి చూడుడు. "ఇమ్" అనునది తీయుట అను ధాతువు. కడపటి "క్" ఆజ్ఞార్థకము. మన "ము" వంటిది. నడుమనున్న "సి" అనునది "తన కొఱకు" అను అర్థము నిచ్చును. మనము "తీయుము", "తీసికొనుము" అను మాటలలో చూపు భేదమును ఆ చిన్న "సి" చూపుచున్నది. ఎంతో దూరమున నున్న రెండు భాషలు, ఏ బంధుత్వమును లేకయే, ఒకే యవసరమును ఇట్లు గుర్తించినవి.

మూడవది: మర్యాద. తోడి పిల్లవానిని "నీవు" అన్నట్లు వారును "తు" అందురు. పెద్దలను "మీరు" అన్నట్లు "యూస్" అందురు. కావున స్నేహితుని "అర్ తురి స్కేతీ?" అనియు, పెద్దలను "అర్ తురితె స్కేతీ?" అనియు అడుగవలెను. గొడుగు ఉన్నదా యని అడుగుటలోను గౌరవము చూపవలసినదే.

ఇప్పుడొక చిన్న సంభాషణము. ఒక విద్యార్థి తన పొరుగింటి పెద్దను మెట్లపై కలిసికొనెను.

విద్యార్థి: లబా దియెన! (నమస్కారము. "శుభదినము" అని పదార్థము.)
పెద్ద: లబా దియెన!
విద్యార్థి: కోక్స్ ష్యన్దియెన్ ఓరస్? (ఈనాడు వాతావరణ మెట్లున్నది?)
పెద్ద: లీయ. (వాన కురియుచున్నది.)
విద్యార్థి: అర్ స్మర్క్యెయ్ లీయ? (గట్టిగా కురియుచున్నదా?)
పెద్ద: నె, తిక్ దుల్క్స్నోయ. అర్ తురి స్కేతీ? (లేదు, తుంపర మాత్రమే. నీ కడ గొడుగు ఉన్నదా?)
విద్యార్థి: నె, నెతుర్యు. (లేదండి.)
పెద్ద: ప్రాషోమ్. (ఇదిగో, తీసికొమ్ము.)
విద్యార్థి: ఆచ్యూ! (కృతజ్ఞుడను.)

దీనిని ఇద్దరిద్దరుగా నిలిచి బిగ్గరగా పలుకుడు. పలుకని భాష నాలుకపై నిలువదు.

ఇంత చిన్న జాతి తన మాటలను ఎట్లు కాపాడుకొన్నదో తెలియనిచో ఈ పాఠము అసంపూర్ణము. లిథువేనియా రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండగా, 1863 లో అచ్చట తిరుగుబాటు లేచినది. అది అణగిన పిదప, 1864 మొదలు 1904 వరకు, నలువది సంవత్సరములు, లాటిన్ లిపిలో లిథువేనియా పుస్తకములు అచ్చొత్తుట నిషేధింపబడినది. రష్యా లిపిలో అచ్చైన పుస్తకములను ప్రజలు ముట్టరైరి. సరిహద్దునకు ఆవల, ప్రష్యా రాజ్యమున, వారి లిపిలో పుస్తకములు అచ్చైనవి. వానిని మూటగట్టి, వీపున మోసికొని, రాత్రివేళ వానలో, మంచులో కాపలావారి కన్నుగప్పి సరిహద్దు దాటించినవారు కలరు. పట్టుబడినవారిలో కొందరు చెఱసాల పాలైరి. కొందరు సైబీరియాకు పంపబడిరి. కొందరు తుపాకి గుండ్లకు కూలిరి. వారిలో పలువురు సామాన్య రైతులే. "క్నీగ్నెషీస్" అని వారికి పేరు. పుస్తకములు మోయువాడని అర్థము. వారిలో ప్రసిద్ధుడైన యూర్గిస్ బియెలినిస్ 1846 లో జన్మించిన మార్చి 16 వ దినమును నేటికిని పుస్తకవాహకుల దినముగా ఆ దేశీయులు స్మరించుచున్నారు. ఇండ్లలో తల్లులు దొంగచాటుగ పిల్లలకు అక్షరములు నేర్పిరి. 1918 లో ఆ దేశము స్వతంత్రమైనది. మధ్యలో సోవియట్ యూనియన్‌లో చేర్చబడి, 1990 లో తిరిగి స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నది.

కావున బాలలారా, "లీయ" అను రెండక్షరముల వెనుక ఇంత చరిత్ర కలదు. పరదేశీయు డొకడు వచ్చి ఆ మాటను సరిగా పలికినప్పుడు ఆ వృద్ధురాలు ఎందుకు సంతోషించెనో ఇప్పుడు మీకు తెలిసియుండును. మన యింటికి వచ్చిన పరభాషీయుడు "వాన వచ్చేలా ఉందండీ" అన్నచో మనకు కలుగు సంతోషమే అది.

నా శిష్యుడు నేడు చదువులో చాల దూరము వచ్చినాడు. ఆసుపత్రిలో రోగులను చూచుచున్నాడు. కొలదికాలము క్రిందట నాకిట్లు వ్రాసెను: "మాస్టరుగారూ, తడిసిన కోటుతో, భయముతో లోపలికి వచ్చు ముసలివారిని నేను జబ్బును గూర్చి మొదట అడుగను. 'అర్ దర్ లీయ?' అని అడుగుదును. 'ఇంకను వాన కురియుచున్నదా?' అని. వారు 'తైప్, లీయ' అందురు. తరువాత వారి బాధ వారే చెప్పుదురు."

ఒకనాడు ఒక పరదేశపు తల్లి తనకు పట్టిన గొడుగును అతడిప్పుడు ఇతరులకు పట్టుచున్నాడు.

అభ్యాసము

1. "లీయ" అను మాట ఒక్కటియే సంపూర్ణ వాక్యమెట్లగును? తెలుగు, ఆంగ్ల వాక్యములతో పోల్చి చెప్పుడు.
2. లిథువేనియాలో కురియు వాన కొలతకు మనకంటె ఎక్కువ కాకపోయినను అది వానల దేశముగా నేల తోచును?
3. "తొలకరి"కి వారి భాషలోను, "ష్లప్‌ద్రిబ"కు మన భాషలోను సరియైన మాట లేకుండుటకు కారణమేమి?
4. "పసిఇమ్క్" అను క్రియను విడదీసి, "తీసికొనుము" అను దానితో పోల్చుడు.
5. పుస్తకవాహకులు చేసిన సేవను పది పంక్తులలో వ్రాయుడు.
6. మీ యూరిలో వానను గూర్చి వాడు పదములను పెద్దల నడిగి సేకరించి, ఒక్కొక్క దాని భేదమును వివరింపుడు.